బూడిద చెరువు పక్కన మీ ఊరుందా? నీళ్లు, గాలి, కట్ట మీరే ఇలా కనిపెట్టి చూసుకోండి

"మా బోరు నీళ్లు తాగొచ్చా?" "డాబా మీద పడేది థర్మల్ బూడిదేనని ఎలా చూపించాలి?" రామగుండం, పాల్వంచ, ఇబ్రహీంపట్నం, పరవాడ... ఎక్కడ బూడిద చెరువు (థర్మల్ విద్యుత్ కేంద్రంలో బొగ్గు కాల్చగా మిగిలిన బూడిదను నీళ్లతో కలిపి నింపే చెరువు) ఉంటే అక్కడి జనం అడిగేవి ఈ రెండే. నన్నూ పదేపదే ఇవే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

ఒక ఏప్రిల్‌లో మా పెద్దమ్మ డాబా మీద వడియాలు ఎండబెట్టింది. సాయంత్రం ఆ గుడ్డ అంచు మీద వేలితో గీసి నా ముందు పెట్టింది. వేలి చివర బూడిదరంగు. రెండు వేళ్ల మధ్య రుద్దితే పౌడర్‌లా జారిపోతోంది, మట్టిలా గరగర లేదు. "ఇది మాకు రోజూ ఉండేదే. దీన్ని ఎవరికి చూపించాలి, ఎట్లా చూపించాలి, అది చెప్పరా" అంది. ఆ ప్రశ్నకే ఈ జవాబు.

ఒక్క మాట మొదటే మనసులో పెట్టుకోండి. ఒక్క బావి రిపోర్టు ఎంత భయంకరంగా ఉన్నా థర్మల్ కేంద్రం వాళ్లు "ఈ నేలలో ముందునుంచీ ఉన్నదే" అని తోసిపుచ్చుతారు. చెరువుకు ఎగువన ఒక బావి, దిగువన మూడు బావులు, ఒకే రోజు తీసిన నీళ్లు, వాటి మధ్య తేడా కాగితం మీద చూపిస్తే అలా తోసిపుచ్చడం కుదరదు. మనం పడే కష్టమంతా ఆ తేడా చూపించడానికే.

కావలసినవి

- రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్. విడి కాగితాలు వద్దు.
- ఈసీ (నీళ్లలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో చెప్పే అంకె; ఉప్పు పెరిగితే ఇదీ పెరుగుతుంది), టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పుల మొత్తం) రెండూ చూపించే పెన్ను మీటరు, దాన్ని సరిచూసుకోవడానికి 1413 అని రాసి ఉండే ద్రావణం.
- పీహెచ్ (నీళ్లలో పులుపు, క్షార గుణం చెప్పే అంకె) మీటరు. లేకపోతే పీహెచ్ కాగితాలతో మొదలుపెట్టవచ్చు.
- బరువు కట్టిన పొడవాటి తాడు, కొలత టేపు.
- ఐస్ బాక్సు, తడికి చెరగని మార్కర్, సెల్లో టేపు.
- పక్కలు నిటారుగా ఉండే ప్లాస్టిక్ బకెట్లు మూడు (దుమ్ముకు).
- లొకేషన్, టైము పడేలా ఫొటో తీసే ఫోను.
- ఇద్దరు మనుషులు. ఒక్కరే వెళ్లకండి, ఒకరు తీస్తే ఒకరు రాయాలి.

సాంపిల్ సీసాలు మాత్రం కొనకండి. అవి ల్యాబ్ వాళ్లే ఇస్తారు.

1. ముందు పటం గీయండి

ఊరు, చెరువు కట్ట, వాగు, కాలువలు, బావులు, బోరింగులు, బడి... అన్నీ ఒక పెద్ద కాగితం మీద వేయండి. ప్రతి బావికీ ఒక నంబరు ఇవ్వండి. ఆ నంబరు ఇక మారకూడదు. బావి లోతు, ఎవరి పొలంలో ఉంది, తాగడానికా సాగుకా, అంతా నోట్‌బుక్‌లో రాయండి.

భూగర్భ జలం సాధారణంగా మిట్ట నుంచి వాగు వైపు దిగుతుంది. ఏ వైపు దిగుతుందో పాత బావులు తవ్విన పెద్దవాళ్లను అడగండి, వాళ్లకు తెలుసు. ఫోన్ జీపీఎస్ చూపించే ఎత్తును మాత్రం నమ్మకండి. అది మీటర్ల తేడా చూపిస్తుంది, మనకు కావలసింది అడుగుల తేడా. బావులు దగ్గరదగ్గరగా ఉంటే తాపీ మేస్త్రీ వాడే లెవల్ పైపుతో గట్ల ఎత్తు పోల్చి, ఒక్కో బావిలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో తాడుతో కొలవండి. నీటి మట్టం ఎటు తగ్గుతూ పోతే నీళ్లు అటే పోతున్నట్టు. చెరువుకు అటువైపు దిగువ, దానికి ఎదురు వైపు ఎగువ. చుట్టుపక్కల బోర్లు గట్టిగా తోడుతుంటే ఆ వాలు తాత్కాలికంగా మారుతుంది కాబట్టి మోటార్లు ఆడని తెల్లవారుజామున కొలవడం మంచిది.

2. నాలుగు బావులు ఎంచుకోండి

కనీసం ఒకటి ఎగువన, మూడు దిగువన. అమెరికాలో బొగ్గు బూడిద మీద 2015లో వచ్చిన నిబంధన కూడా కనీసం ఇన్నే అడుగుతుంది. మన దగ్గర పని చేయడానికి కూడా ఇది సరిపోతుంది.

ఎగువ బావి విషయంలోనే ఎక్కువమంది పొరపాటు పడతారు. చెరువుకు దూరంగా ఉంది కదా అని వేరే రకం నేలలో ఉన్న బావినో, పశువుల కొట్టం పక్క బావినో తీసుకుంటారు. అలా కాదు. దిగువ బావులు ఎలాంటి నేలలో, ఎంత లోతులో ఉన్నాయో ఎగువదీ అలాంటిదే కావాలి. ఇరవై అడుగుల దిగుడు బావినీ మూడు వందల అడుగుల బోరునీ పోలిస్తే వచ్చే తేడాకు అర్థం లేదు.

3. నెలకోసారి పెన్ను మీటరుతో

ఒక తేదీ పెట్టుకోండి, ఉదాహరణకు ప్రతి నెలా 5న. ఆ రోజు నాలుగు చోట్లా ఈసీ, పీహెచ్, నీటి మట్టం.

మొదట మీటరును 1413 ద్రావణంలో ముంచండి. ఈసీ మోడ్‌లో 1413కు దగ్గరగా చూపించాలి. చూపించకపోతే సరిచేసుకుని అప్పుడు బయల్దేరండి. టీడీఎస్ మోడ్‌లో కాకుండా ఈసీ మోడ్‌లోనే రాసుకోండి. చవక పెన్నులు చాలావరకు ఈసీని సగం చేసి టీడీఎస్ అని చూపిస్తాయి. ల్యాబ్‌లో మాత్రం నీళ్లు ఆవిరి చేసి మిగిలిన ఉప్పును తూస్తారు, అది ఈసీలో 0.6, 0.7 వంతు దాకా వస్తుంది. ఈ సంగతి తెలియక "ల్యాబ్ రిపోర్టు తప్పు" అని గొడవ పడ్డవాళ్లున్నారు.

బోరింగు అయితే నీళ్లు పట్టేముందు ఐదు పది నిమిషాలు కొట్టండి. పైపులో నిలవున్న నీళ్లు పోవాలి. మధ్యమధ్య మీటరు పెట్టి చూస్తే అంకె కదులుతూ ఉంటుంది. వరుసగా మూడుసార్లు ఒకేలా వస్తే అప్పుడు రాయండి.

హెచ్చరిక: పెన్ను మీటరు విషం ఉందో లేదో చెప్పదు. టీడీఎస్ 300 ఉన్న నీళ్లలో కూడా ఆర్సెనిక్ ఉండవచ్చు. మార్పు వస్తోందా అన్నది ఒక్కటే ఇది చెబుతుంది. దిగువ బావిలో ఈసీ నెలనెలా పెరుగుతూ, ఎగువ బావిలో కదలకుండా ఉంటే వెంటనే ల్యాబ్‌కు వెళ్లాలి.

4. ఏడాదికి రెండుసార్లు ల్యాబ్ సాంపిల్

మే నెలలో ఒకసారి, వానలు వెనకబట్టాక నవంబరులో ఒకసారి. మే రిపోర్టును మేతోనే పోల్చాలి. ఎండాకాలపు అంకె పక్కన వానాకాలపు అంకె పెట్టి "పెరిగిపోయింది" అంటే నిలవదు.

ఏం పరీక్ష చేయించాలి? బూడిద ఊట చేరితే చాలాచోట్ల ముందుగా బయటపడేవి బోరాన్, సల్ఫేట్, కాల్షియం. కాబట్టి మొదటి విడత పీహెచ్, టీడీఎస్, సల్ఫేట్, క్లోరైడ్, కాల్షియం, ఫ్లోరైడ్, బోరాన్, నైట్రేట్ చాలు. వీటిలో తేడా కనిపిస్తే ఆర్సెనిక్, సెలీనియం, లెడ్, క్రోమియం, మాలిబ్డినం, మాంగనీస్, పాదరసం. తాగే బావి అయితే రెండు విడతలుగా ఆగకండి, ఆర్సెనిక్, లెడ్, సెలీనియం మొదటిసారే చేయించండి.

డబ్బు లేకపోతే? జలజీవన్ మిషన్ కింద ఊళ్లలో మహిళలకు నీటి పరీక్ష కిట్ వాడడం నేర్పించారు. మీ పంచాయతీ కార్యదర్శిని అడగండి. పీహెచ్, క్లోరైడ్, ఫ్లోరైడ్, నైట్రేట్ లాంటివి దాంతో తెలుస్తాయి. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లు, తెలంగాణలో మిషన్ భగీరథ ల్యాబ్‌లు ఇంకొన్ని చేస్తాయి. లోహాలకూ బోరాన్‌కూ మాత్రం ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు వెళ్లండి. గుర్తింపు ల్యాబ్‌కు ఉంటే చాలదు, మీరు అడిగే ఆ పరీక్షకు కూడా ఉండాలి. డబ్బు కట్టేముందే అడగండి.

సాంపిల్ పట్టేటప్పుడు:

- బోరాన్‌కు గాజు సీసా వద్దే వద్దు. ల్యాబ్ గాజులో బోరాన్ ఉంటుంది, అది నీళ్లలోకి దిగవచ్చు. ప్లాస్టిక్ సీసానే.
- మామూలు సీసాను అదే నీళ్లతో మూడుసార్లు కడిగి నింపండి. లోహాల సీసాలో ల్యాబ్ వాళ్లు ముందే యాసిడ్ పోసి ఇస్తారు. దాన్ని కడగకండి, పొంగనివ్వకండి, చేతికి తగలనివ్వకండి.
- నీళ్లు మట్టిగా ఉంటే వడపోత సంగతి ల్యాబ్‌ను ముందే అడగండి. మట్టితో పాటే యాసిడ్‌లో పడితే మట్టిలోని లోహం కూడా కరిగి లెక్కలోకి వస్తుంది.
- తుప్పు పట్టిన బోరింగు నుంచి ఇనుము, జింకు ఎక్కువ వస్తాయి. వాటిని చూసి బూడిద అనుకోకండి.
- మూత లోపలి వైపు వేలు పెట్టకండి. పక్కన బీడీ, సిగరెట్ కాల్చనివ్వకండి.
- ఒక బావి నుంచి రెండు సీసాలు పట్టి, రెండోదానికి దొంగ నంబరు వేయండి. రెండింటికీ దాదాపు ఒకే అంకె వస్తే ల్యాబ్‌ను నమ్మవచ్చు. ల్యాబ్ ఇచ్చిన శుద్ధమైన నీళ్లు ఒక సీసాలో పోసి దాన్నీ పంపండి. అందులో కూడా లోహం కనిపిస్తే సాంపిల్ పట్టడంలోనో ల్యాబ్‌లోనో ఏదో తప్పు జరిగిందన్నమాట.
- బావి నంబరు, తేదీ, టైము, పట్టినవాళ్ల సంతకం రాసిన చీటీ అంటించి పైన టేపు వేయండి. ఐస్‌లో పెట్టి 24 గంటల్లో ల్యాబ్‌కు చేర్చండి. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఎన్నింటికి వెళ్లిందో రాయండి.

టేపు గురించి ఊరికే చెప్పడం లేదు. మేం మొదటిసారి పన్నెండు సీసాలు బాల్ పెన్నుతో రాసి ఐస్‌లో పెట్టాం. ల్యాబ్‌లో పెట్టె తెరిస్తే ఐదు చీటీలు ఊడిపోయి అడుగున నీళ్లలో తేలుతున్నాయి, మిగతావాటి మీద నీలి మరక. ఆ మే నెల మాకు పోయింది. మళ్లీ మే రావడానికి ఏడాది ఆగాం.

5. రిపోర్టు వచ్చాక చూడాల్సినవి

ముందు ఇది చూడండి: ల్యాబ్ ఎంత తక్కువ దాకా కొలవగలదు? తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఆర్సెనిక్ లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. ల్యాబ్ 0.05 కంటే తక్కువ కొలవలేనిదైతే, "కనిపించలేదు" అని వచ్చిన జవాబుకు విలువ లేదు. పరిమితికి మూడు రెట్లున్నా అది "కనిపించలేదు" అనే రాస్తుంది. ఇలాంటి రిపోర్టు పట్టుకుని "మా నీళ్లు బాగున్నాయంట" అని ధైర్యంగా తాగేవాళ్లను చూస్తే నాకు గుండె దడగా ఉంటుంది.

యూనిట్లు కూడా చూడండి. లీటరుకు 10 మైక్రోగ్రాములన్నా 0.01 మిల్లీగ్రామన్నా ఒకటే.

ముఖ్యమైన పరిమితులు, లీటరుకు మిల్లీగ్రాముల్లో: లెడ్ 0.01, సెలీనియం 0.01, క్రోమియం 0.05, పాదరసం 0.001, మాలిబ్డినం 0.07. ఫ్లోరైడ్ 1.0, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 దాకా. సల్ఫేట్ 200, వేరే దారి లేకపోతే 400. టీడీఎస్ 500, వేరే దారి లేకపోతే 2000. పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య.

తర్వాత, దోషం నిజంగా బూడిదదేనా?

- పరవాడ, కృష్ణపట్నం లాంటి తీరప్రాంతాల్లో సముద్రపు ఉప్పు కలవవచ్చు. సముద్రపు నీటిలో క్లోరైడ్ సల్ఫేట్‌కు ఏడు రెట్లుంటుంది. మీ బావిలో సల్ఫేటే క్లోరైడ్‌ను మించి ఉంటే ఆ ఉప్పు సముద్రానిది కాకపోవచ్చు. సముద్రంలో బోరాన్ కూడా ఎక్కువే, అందుకే తీరంలో ఒక్క బోరాన్ చూసి తీర్పు చెప్పకండి.
- నైట్రేట్, క్లోరైడ్ కలిసి పెరిగితే ముందు మరుగుదొడ్ల గుంతలు, పశువుల పేడ, ఎరువుల వైపు చూడండి.
- ఫ్లోరైడ్ ఒక్కటే ఎక్కువుంటే తొందరపడకండి. నల్గొండ నేలలో థర్మల్ రాకముందు నుంచే ఫ్లోరైడ్ ఉంది.
- ఎగువన తక్కువ, కట్ట దగ్గర బావిలో ఎక్కువ, దూరం పోయేకొద్దీ తగ్గుతూ... బోరాన్, సల్ఫేట్ రెండూ ఇలా వస్తే అప్పుడు గట్టిగా మాట్లాడవచ్చు.

తాగే నీళ్లలో ఆర్సెనిక్, లెడ్, సెలీనియం పరిమితి దాటితే ఫిర్యాదు పని తర్వాత, ముందు ఆ నీళ్లు తాగడం, వంటకు వాడడం ఆపండి. కాచితే పోవు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడతాయి. గుడ్డతో వడకట్టినా పోవు. నల్లా నీళ్లో, ట్యాంకర్ నీళ్లో అడగండి. ఊళ్లో ఆర్వో ప్లాంట్ ఉంటే దాని నీళ్లు కూడా పరీక్షకు పంపండి, ఫిల్టర్ పాతబడితే అదీ ఆపలేదు. చంటిపిల్లలు, గర్భిణులు ఉన్న ఇళ్లకు ముందు చెప్పండి.

6. దుమ్ము

మూడు బకెట్లు, ఒకే కొలతవి, వెడల్పు కంటే లోతు రెట్టింపు ఉన్నవి. ఒకటి చెరువు వైపు నుంచి గాలి వచ్చే ఇంటి మీద, ఒకటి బడి మీద, ఒకటి గాలికి ఎదురు దిక్కున దూరంగా. చెట్టు కింద, పొయ్యి పక్కన, లారీ రోడ్డు మీదికి ఉండే గోడ మీద పెట్టకండి. పైన పెద్ద కన్నాల జాలీ కట్టి 30 రోజులు వదిలేయండి.

నెల తర్వాత శుద్ధమైన నీళ్లతో కడిగి, ముందే ఆరబెట్టి తూచిన ఫిల్టర్ కాగితంలో వడకట్టి, మళ్లీ ఆరబెట్టి తూయాలి. దగ్గర్లోని డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో త్రాసు, ఓవెన్ ఉంటాయి. లెక్చరర్లను అడిగితే చాలామంది సంతోషంగా చేసిపెడతారు.

లెక్క ఇలా: బకెట్ నోటి వ్యాసం 20 సెంటీమీటర్లయితే దాని వైశాల్యం 0.0314 చదరపు మీటర్లు. 0.3 గ్రాముల దుమ్ము వస్తే 0.3ను 0.0314తో భాగించండి, చదరపు మీటరుకు నెలకు సుమారు 9.5 గ్రాములు. మన దేశ గాలి ప్రమాణాల్లో ఇలా రాలిపడే దుమ్ముకు పరిమితి లేదు. ఇక్కడ కూడా మూడు బకెట్ల మధ్య తేడానే మన మాట. గాలిలో తేలే దుమ్ముకు పరిమితి ఉంది: ఘనమీటరుకు 24 గంటల సగటున పీఎం10 (10 మైక్రాన్లు, అంతకంటే సన్న దుమ్ము) అయితే 100 మైక్రోగ్రాములు, పీఎం2.5 (2.5 మైక్రాన్లు, అంతకంటే సన్నది) అయితే 60. అది కొలవమని కాలుష్య నియంత్రణ మండలిని అడగాలి.

అది బూడిదేనా? చిటికెడు దుమ్ము మైక్రోస్కోపు కింద పెట్టండి. కాగితంతో చేసిన ఫోల్డ్‌స్కోప్‌తోనైనా కొంత తెలుస్తుంది. థర్మల్ కేంద్రం బాయిలర్ వేడికి కరిగి గడ్డకట్టిన బూడిద గాజు పూసల్లా గుండ్రంగా కనిపిస్తుంది. మట్టి రేణువులకు మొనదేలిన అంచులుంటాయి. గుండ్రటి పూసలు కనిపించాయంటే అది థర్మల్ బూడిదే కావచ్చు, కానీ చెరువు నుంచే వచ్చిందనడానికి ఇది చాలదు. బూడిద లారీల నుంచి, బూడిద ఇటుకలు చేసే చోటు నుంచి కూడా అవే పూసలొస్తాయి. అందుకే గాలి దిక్కు, టైము రాసుకోవాలి. లారీ దుమ్ము రోజంతా ఉంటుంది, ఎండిన చెరువు దుమ్ము ఎండాకాలం మధ్యాహ్నపు ఈదురుగాలికి లేస్తుంది.

7. కట్ట

ఇది ప్రాణాలకు సంబంధించింది. 2020 ఏప్రిల్ 10న మధ్యప్రదేశ్ సింగ్రౌలీ జిల్లా సాసన్‌లో బూడిద చెరువు కట్ట తెగి ఆరుగురు చనిపోయారు.

వారానికోసారి, వాన పడిన మర్నాడు తప్పకుండా, బయట రోడ్డు మీద ఒకే చోట నిలబడి కట్టను ఫొటో తీయండి. లోపలికి వెళ్లొద్దు. చెరువు పైన ఎండి గట్టి నేలలా కనిపిస్తుంది, అడుగేస్తే లోపల మెత్తటి బురద. పశువులనూ పిల్లలనూ అటు పోనివ్వకండి.

చూడాల్సినవి: కట్ట అడుగున కొత్త చెమ్మ, ఎండాకాలంలో ఒక్కచోటే పచ్చగా ఉన్న గడ్డి, కట్ట మీద పొడవు పగుళ్లు, ఉబ్బు, జారిన మట్టి, పందికొక్కుల బొరియలు, నీళ్లు కట్ట అంచు దాకా రావడం. ఊట తేటగా వస్తుంటే ఫొటో తీసి ఆ రోజే రాతపూర్వకంగా తెలియజేయండి. ఊట బురదగానో బూడిదరంగుగానో వస్తుంటే కట్ట లోపలి నుంచి కోసుకుపోతోందని అర్థం. అప్పుడు ఫొటోల కోసం దగ్గరికి వెళ్లకండి. 112కు, తాసిల్దారుకు ఫోన్ చేసి, దిగువ ఇళ్లవాళ్లను మిట్టకు పంపండి. ఏ మిట్టకు, ఏ దారిన అన్నది ముందే పటంలో గుర్తుపెట్టి ఉంచండి.

చెరువు నీళ్లు బయటికి వదిలితే పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య, తేలే మడ్డి లీటరుకు 100 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వాగులో కలిసేచోటుకు పైన ఒక సీసా, కింద ఒక సీసా పట్టండి.

8. వాళ్ల దగ్గరున్న లెక్కలు తెప్పించుకోండి

పర్యావరణ అనుమతి తీసుకున్న థర్మల్ కేంద్రం ఏటా జూన్ 1న, డిసెంబరు 1న షరతుల అమలు నివేదిక ఇవ్వాలి. పర్యావరణ అనుమతుల వెబ్‌సైట్ అయిన పరివేష్ పోర్టల్‌లో వెతకండి. దొరక్కపోతే సమాచార హక్కు దరఖాస్తు, పది రూపాయలు, 30 రోజుల్లో జవాబు. ప్రైవేటు కేంద్రమైనా ఆ నివేదికలు కాలుష్య నియంత్రణ మండలి దగ్గర ఉంటాయి, అక్కడ అడగండి.

"మొత్తం సమాచారం ఇవ్వండి" అని రాస్తే మొత్తంగా ఏదీ రాదు. ఇలా రాయండి: "ఫలానా కేంద్రం బూడిద చెరువు చుట్టూ ఉన్న పరిశీలన బావుల నీటి పరీక్ష రిపోర్టుల నకళ్లు, గత మూడేళ్లవి, ఆ బావుల స్థానం చూపే పటం, ప్రస్తుతం అమల్లో ఉన్న నిర్వహణ అనుమతి పత్రం నకలు." వాళ్ల బావుల పటం వచ్చాక మీ పటం పక్కన పెట్టండి. వాళ్ల బావులన్నీ ఎగువనే ఉంటే, ఆ సంగతి ఒక్కటే పెద్ద ఫిర్యాదు అవుతుంది.

9. ఫిర్యాదు

మండలి ప్రాంతీయ కార్యాలయానికి, కలెక్టరుకు, పంచాయతీకి ఒకే రోజు, రసీదుతో. రెండు పేజీలు చాలు: పటం, నాలుగు బావుల పట్టిక, ఫొటోలు. "మా ఊరు నాశనమైపోయింది" అన్న మాటకు జవాబు ఇవ్వకుండా తప్పించుకోవచ్చు. "3వ నంబరు బావిలో సల్ఫేట్ ఇంత, 1వ నంబరులో ఇంత. మీ అధికారి వచ్చి ఇవే బావుల నుంచి మా ముందు సాంపిల్ తీయాలి, ఆ రిపోర్టు నకలు మాకివ్వాలి" అంటే ఏదో ఒక జవాబు చెప్పక తప్పదు. కేసు వేసే పని పడితే అధికారులు పద్ధతి ప్రకారం తీసిన సాంపిలే బలమైన సాక్ష్యం. మన సాంపిల్ పని వాళ్లను ఊళ్లోకి రప్పించడం. వాళ్లు వచ్చిన రోజు మీరూ అదే బావి నుంచి మీ సీసా పట్టుకోండి.

జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లాలంటే మనకు చెన్నై బెంచి. వివాదం మొదలైన ఆరు నెలల్లోపు దరఖాస్తు చేయాలి, నష్టపరిహారానికైతే ఐదేళ్లు. తేదీలు రాసిపెట్టిన నోట్‌బుక్ అక్కడ పనికొస్తుంది. అది ఎవరడిగినా చేతికివ్వకండి, జిరాక్స్ మీద సంతకం పెట్టి ఇవ్వండి.